తప్పు కారానిది కాదు: కడుపులో పుండు గురించి నిజం తెలుసుకుందాం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో "కడుపులో మంట" అనే మాట వినపడని ఇల్లు అరుదు. కొందరు దాన్ని గ్యాస్ అంటారు. కొందరు గ్యాస్ట్రిక్ ట్రబుల్ అంటారు. పెద్దవాళ్ళు పేగు పూత అంటారు. పట్నం వెళ్ళి పరీక్ష చేయించుకొని వచ్చినవారు అల్సర్ అంటారు. పేరు ఏదైనా చుట్టుపక్కలవారు ఇచ్చే సలహా మాత్రం ఒక్కటే. "కారం తగ్గించు, పచ్చిపులుసు మానెయ్యి, టైముకు తిను, కోపం తెచ్చుకోకు."

ఈ సలహాలో చెడు ఏమీ లేదు. కాని ఆ సలహా దగ్గరే ఆగిపోవడం వల్ల మన ప్రాంతంలో చాలా నష్టం జరుగుతున్నదని నా అభిప్రాయం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, మనం మిరపకాయను మానేసి నొప్పి మాత్రను మాత్రం రోజూ మింగుతున్నాము. కడుపులో పుండుకు ముఖ్యమైన కారణాలు రెండు. ఒకటి, కంటికి కనపడని ఒక క్రిమి. రెండు, ఒళ్ళు నొప్పులకు, కీళ్ళ నొప్పులకు మనం అలవాటుగా వాడే మాత్రలు. ఈ రెండింటినీ కనిపెట్టవచ్చు, రెండింటికీ మందు ఉంది. అయినా మనుషులు రక్తం కక్కుకొని ఆసుపత్రికి వస్తున్నారంటే, లోపం మన అలవాట్లలోనే ఉంది.

పుండు అంటే ఏమిటి?

మనం తిన్న అన్నం అన్నవాహిక గుండా జీర్ణాశయంలోకి చేరుతుంది. అక్కడ ఘాటైన ఆమ్లం తయారవుతుంది. ఆహారాన్ని జీర్ణం చేయడానికి, క్రిములను చంపడానికి దేవుడు పెట్టిన ఏర్పాటు అది. మరి మాంసాన్ని కూడా కరిగించగల ఆ ఆమ్లం మన జీర్ణాశయాన్నే ఎందుకు కరిగించదు? ఎందుకంటే లోపలి గోడ మీద జిగురు వంటి ఒక పొర ఉంటుంది. అది ఎప్పటికప్పుడు తయారవుతూ గోడను కాపాడుతుంది. ఇంటి గోడకు సున్నం పూసినట్లన్నమాట. ఆ పూత దెబ్బతిన్నచోట ఆమ్లం గోడను తింటుంది. అలా ఏర్పడిన గుంటనే అల్సర్ అంటారు. ఇది జీర్ణాశయంలో రావచ్చు, లేదా దాని తరువాత ఉండే చిన్నపేగు మొదటి భాగంలో రావచ్చు.

పుండు ఉన్నవారికి సాధారణంగా రొమ్ము ఎముక కింద, బొడ్డుకు పైన నొప్పి లేదా మంట ఉంటుంది. చిన్నపేగులో పుండు ఉంటే ఆకలి వేసినప్పుడు, అర్ధరాత్రి దాటాక నొప్పి లేచి, ఏదైనా తింటే కాస్త తగ్గవచ్చు. జీర్ణాశయంలో పుండు ఉంటే తిన్న తరువాత నొప్పి ఎక్కువ కావచ్చు. అయితే లక్షణాలను బట్టి ఇంట్లో కూర్చొని తేల్చుకోవడం కుదరదు. పుండు లేకుండా కూడా మంట ఉండవచ్చు. మంట లేకుండా కూడా పుండు ఉండవచ్చు. ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. ముఖ్యంగా వయసు మళ్ళినవారిలో, నొప్పి మాత్రలు వాడేవారిలో పుండు ఏ నొప్పీ లేకుండా పెరిగి, ఒక్కసారిగా రక్తం కారడంతోనే బయటపడవచ్చు.

ఈస్టరు సెలవుల్లో దొరికిన క్రిమి

ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ జబ్బు ఆందోళన వల్ల, ఆమ్లం ఎక్కువ కావడం వల్ల వస్తుందని మాత్రమే అనుకునేవారు. మన సంఘాల్లోని కొందరు పెద్దవారి పొట్ట మీద నిలువుగా పాత ఆపరేషన్ మచ్చ ఉంటుంది. అడిగితే "అప్పట్లో అల్సర్‌కు కోశారు" అంటారు. ఆమ్లాన్ని తగ్గించడానికి నరాన్ని కత్తిరించి, పేగును జీర్ణాశయానికి కుట్టే ఆపరేషన్ ఆ రోజుల్లో మామూలు.

తిండికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని శ్రద్ధగా గమనించిన వారిలో ఒక మిషన్ ఆసుపత్రి సర్జను కూడా ఉన్నారు. ఆయన మైసూరులోని హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ ఫ్రాంక్ టోవీ. భారతదేశం, బంగ్లాదేశ్‌లలో అల్సర్ల గురించి ఆయన 1979లో రాశారు. దక్షిణాదిలో బియ్యం ముఖ్యాహారంగా ఉన్నచోట చిన్నపేగు పుండ్లు ఎక్కువగా, ఉత్తరాదిలో గోధుమ తినేచోట తక్కువగా ఉన్నట్లు ఆయన గమనించారు. ఏ ధాన్యం తింటున్నారు, దాన్ని ఎంత పాలిష్ పడుతున్నారు అన్నదే ఆయన అడిగిన ప్రశ్న. నేరమంతా మిరపకాయ మీద ఆయన వేయలేదు.

అసలు మలుపు 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వచ్చింది. రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల జీర్ణాశయం నుండి తీసిన చిన్న ముక్కల్లో మెలికలు తిరిగిన క్రిములను చూశారు. వాటిని పాత్రల్లో పెంచాలని ప్రయత్నించారు గాని పెరగలేదు. 2 రోజులు చూసి ఆ పాత్రలను పారవేయడం ప్రయోగశాలలో అలవాటు. ఆ సంవత్సరం ఈస్టరు సెలవులు రావడంతో కొన్ని పాత్రలు 5 రోజులు అలాగే ఉండిపోయాయి. సెలవుల తరువాత చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి. ఆ క్రిమికే ఇప్పుడు హెలికోబాక్టర్ పైలోరి అని పేరు. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని నమ్మే రోజుల్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు, 1984లో, మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలై, లోపలి గోడ వాచినట్లు పరీక్షలో తేలింది. 2005లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమి చాలావరకు చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుండే సోకుతుంది. నోటి ద్వారా, వాంతి ద్వారా, మలంతో కలుషితమైన చేతుల ద్వారా, నీటి ద్వారా వ్యాపిస్తుంది. ఒకే గదిలో ఎక్కువమంది ఉండే ఇళ్ళలో, మరుగుదొడ్డి, మంచినీటి సౌకర్యం సరిగా లేనిచోట ఎక్కువ. అన్నం నమిలి బిడ్డ నోట్లో పెట్టే అలవాటు వల్ల కూడా సోకే అవకాశం ఉంది. మన దేశంలో పెద్దవారిలో సగానికి పైగా ఈ క్రిమి ఉంటుంది. అంతమాత్రాన భయపడనవసరం లేదు. అది ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం ఏ బాధా రాదు. కొద్దిమందికే పుండు అవుతుంది. ఇంకా కొద్దిమందిలో, చాలా సంవత్సరాల తరువాత, జీర్ణాశయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పుండు ఉన్నదని తేలినవారు మాత్రం ఈ క్రిమి కోసం తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి.

రెండో కారణం మన సంచిలోనే ఉంది

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, పైరాక్సికామ్, నిమెసులైడ్, ఆస్పిరిన్. వీటి పేర్లు మీకు తెలియకపోవచ్చు. కాని మెడికల్ షాపులో "ఒళ్ళు నొప్పులకు ఒక డోసు ఇవ్వండి" అంటే కాగితంలో చుట్టి ఇచ్చేవాటిలో చాలావరకు ఇవే ఉంటాయి. నొప్పిని, వాపును పుట్టించే రసాయనాలు మన శరీరంలో తయారు కాకుండా ఇవి ఆపుతాయి. అందుకే నొప్పి తగ్గుతుంది. అయితే జీర్ణాశయం గోడకు జిగురు పూత వేయించేవి కూడా ఆ కుటుంబానికి చెందిన రసాయనాలే. నొప్పితోపాటు ఆ పూత కూడా పోతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్లు.

మన రెండు పాత జిల్లాల్లో ఇది ఎందుకు మరీ ముఖ్యమో ఆలోచించండి. నల్లగొండ పేరు వైద్య ప్రపంచానికి తెలిసింది నీటిలోని ఫ్లోరైడు వల్ల. 1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ పథకం వల్ల ఎన్నో ఊళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. అది సంతోషించదగిన విషయమే. కాని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు 20, 30 సంవత్సరాలు బోరు నీళ్ళు తాగినవారి ఎముకలు, కీళ్ళు మాత్రం తిరిగి మామూలు కావు. నీళ్ళు మారినా నొప్పి మిగిలింది. ఆ నొప్పికి మాత్ర మిగిలింది.

పాలమూరు సంగతి మరో రకం. డ్యాములు కట్టినా, రోడ్లు వేసినా, ముంబయిలో మేడలు లేపినా పాలమూరు లేబర్ పేరు వినపడేది. బరువులు మోసి, రాళ్ళు కొట్టి, వంగి నాట్లు వేసి నడుము పడిపోయినవారు ప్రతి ఊళ్ళో ఉన్నారు. పొద్దున ఒక మాత్ర వేసుకుంటేనే లేచి పనికి పోగలిగేవారు ఉన్నారు. వారికి నొప్పి మాత్ర అంటే ఆ రోజు కూలి. అందుకే "ఆ మాత్రలు మానండి" అని ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఆ విషయానికి కింద మళ్ళీ వస్తాను.

నలుగురూ అనే మాటలు, అసలు సంగతి

"మాత్ర కడుపులో పడితేనే కదా పుండు, సూది వేయించుకుంటే ఏమీ కాదు." ఇది పొరపాటు. ఈ మందు కడుపును తాకడం వల్ల కలిగే హాని కొద్దిగానే. అసలు హాని రక్తంలో కలిసిన తరువాత జరుగుతుంది. కాబట్టి డైక్లోఫెనాక్ సూది వేసినా జిగురు పూత దెబ్బతింటుంది.

"అన్నం తిన్నాక వేసుకుంటున్నాను." మంట కొంత తగ్గవచ్చు. పుండు రాకుండా అది కాపాడలేదు.

"నేను వేసుకునేది ఉత్త జ్వరం గోళీ." దయచేసి స్ట్రిప్పు చూపించండి. పారాసిటమాల్ ఒక్కటే ఉంటే కడుపుకు దాదాపు భయం లేదు. కాని ఒకే మాత్రలో పారాసిటమాల్‌తోపాటు ఎసిక్లోఫెనాక్ గాని, డైక్లోఫెనాక్ గాని కలిపి అమ్మేవి చాలా ఉన్నాయి. పేరు ఒకటి, లోపల ఉన్నవి రెండు మూడు.

"ఆ చిన్న తెల్లగోళీ కలిపితే భలే పనిచేస్తుంది." ఆ చిన్న గోళీ చాలాసార్లు స్టెరాయిడ్. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటివి. నొప్పి మాత్రకు స్టెరాయిడ్ తోడైతే పుండు పడే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. అయితే చాలాకాలం స్టెరాయిడ్ వాడినవారు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

"పాలు తాగితే పుండు మానుతుంది." పాలు తాగిన కాసేపు హాయిగా ఉంటుంది. తరువాత ఆమ్లం మళ్ళీ ఊరుతుంది. పాలు ఆహారమే గాని అల్సర్‌కు మందు కాదు. సోడా కూడా అంతే.

"కారం తింటే పుండు పడుతుంది." కారం పుండును పుట్టించదు. ఉన్న పుండు మీద పడితే మంట పెంచవచ్చు. మీకు పడకపోతే తగ్గించండి. జొన్నరొట్టెలో కొంచెం తొక్కు నంజుకున్నందుకు అత్తగారినో కోడలినో నిందించకండి.

బీడీ, సిగరెట్ మాత్రం నిజంగా నేరస్థులే. అవి పుండు వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, వచ్చిన పుండును మాననివ్వవు. సారా, విస్కీ వంటివి లోపలి గోడను కాల్చి, రక్తం కారే ప్రమాదాన్ని పెంచుతాయి. నొప్పి మాత్ర మింగి దాని మీద మందు తాగడం మరీ ప్రమాదకరం.

గ్యాస్ గోళీ చేసే మోసం

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ మంచి మందులు. ఆమ్లాన్ని బాగా తగ్గించి పుండు మానేటట్లు చేస్తాయి. వాటిని అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. కాని కారణం తెలుసుకోకుండా ఏళ్ళ తరబడి వాటినే వాడితే ఏమవుతుంది? క్రిమి లోపలే ఉంటుంది. మాత్ర ఆపగానే పుండు తిరిగి వస్తుంది. ఇంకో సంగతి. జీర్ణాశయ క్యాన్సర్ మొదట్లో మామూలు మంటలాగే ఉండవచ్చు. గ్యాస్ గోళీతో ఆ మంట కొన్నాళ్ళు అణగిపోతుంది. రోగి బాగయిందనుకుంటాడు. విలువైన కాలం గడిచిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం గుండెపోటును గ్యాస్ అనుకోవడం. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి ఉంటే గ్యాస్ గోళీ వేసుకొని పడుకోకండి. వెంటనే ఈసీజీ తీయించుకోండి. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో గుండెపోటు ఉత్త కడుపు ఉబ్బరంలా కూడా కనిపించవచ్చు.

మరి నొప్పితో పనికి ఎలా పోవాలి?

ఇది న్యాయమైన ప్రశ్న. నొప్పిని భరించమని ఎవరూ చెప్పడం లేదు. మొదట పారాసిటమాల్‌తో తగ్గుతుందేమో చూడాలి. అది కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు, దాటితే కాలేయం చెడుతుంది. రోజూ తాగేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం, పైపూత మందులు, డాక్టరు నేర్పే తేలికపాటి వ్యాయామం, బరువు తగ్గించుకోవడం నిజంగానే పనిచేస్తాయి. వీటితో తగ్గకపోతే డాక్టరు చీటీ మీద నొప్పి మాత్రను తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడాలి. 60 సంవత్సరాలు దాటినవారికి, ఇంతకుముందు పుండు వచ్చినవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి తోడుగా కడుపును కాపాడే మాత్ర ఇవ్వాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ నొప్పి మాత్రల జోలికి పోకపోవడం మేలు.

ఒక హెచ్చరిక. గుండె జబ్బుకు, పక్షవాతానికి డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్ మాత్రను ఈ వ్యాసం చదివి మానేయకండి. అది ప్రాణం కాపాడే మందు. కడుపులో మంట ఉంటే డాక్టరుకు చెప్పండి, ఏం చేయాలో ఆయన నిర్ణయిస్తారు.

పరీక్ష, 14 రోజుల వైద్యం

గొట్టం పరీక్ష అంటే చాలామందికి భయం. ఎండోస్కోపీలో వేలెడు లావు కూడా లేని మెత్తని గొట్టాన్ని నోటి ద్వారా పంపి లోపల చూస్తారు. గొంతుకు మత్తు మందు కొడతారు. సాధారణంగా కొద్ది నిమిషాల పని. అదే సమయంలో చిన్న ముక్క తీసి క్రిమి ఉందో లేదో, క్యాన్సర్ ఏమైనా ఉందో చూస్తారు. మంట ఉన్న ప్రతి ఒక్కరికీ ఎండోస్కోపీ అవసరం లేదు. వయసు తక్కువగా ఉండి ప్రమాద సూచనలు లేనివారికి మల పరీక్షతో గాని, ఊపిరి పరీక్షతో గాని క్రిమిని కనిపెట్టవచ్చు. ఈ పరీక్షలకు 2 వారాల ముందు నుండి గ్యాస్ మాత్రలు, 4 వారాల ముందు నుండి యాంటీబయాటిక్‌లు వాడకుండా ఉండాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్లు రావచ్చు. పుండుతో బాధపడుతున్నవారు మాత్రల విషయం డాక్టరును అడిగే ఆపాలి.

క్రిమి ఉన్నదని తేలితే ఆమ్లం తగ్గించే మందుతోపాటు రెండు, మూడు మందులు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. ఇక్కడే మనవారు తడబడుతున్నారు. 4 రోజులకే మంట తగ్గుతుంది. "బాగైంది కదా" అని మానేస్తారు. లేదా వలస పని దొరికిందని మందులు ఇంట్లో వదిలి బండెక్కుతారు. సగంలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. మన దేశంలో ఇప్పటికే ఈ క్రిమి కొన్ని మందులకు సరిగా లొంగడం లేదు. ప్రయాణం తప్పకపోతే మందులు మూటలో పెట్టుకొని వెళ్ళండి, 14 రోజులూ పూర్తి చేయండి. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో, ఆపిన 3 రోజుల వరకు, మద్యం ముట్టకూడదు. నోరు చేదుగా, ఇనుము రుచిగా ఉండవచ్చు, భయపడకండి. పెన్సిలిన్ పడనివారు ముందే చెప్పాలి. వైద్యం పూర్తయిన 4 వారాల తరువాత క్రిమి పోయిందో లేదో మరోసారి పరీక్ష చేయించుకోవాలి. ఒకసారి క్రిమి పూర్తిగా పోతే పుండు తిరిగి రావడం చాలా అరుదు. ఒకప్పుడు కత్తి పెట్టవలసి వచ్చిన జబ్బుకు రెండు వారాల మాత్రలతో వైద్యం జరగడం ఎంత గొప్ప మార్పో ఆలోచించండి.

ఇంట్లో ఉండకూడని సమయం

ఈ కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

రక్తం వాంతి కావడం, లేదా కాఫీ పొడి కలిపినట్లు నల్లని వాంతి కావడం. తారులాగా నల్లగా, జిగటగా, చెడువాసనతో విరేచనం కావడం. ఐరన్ మాత్రలు, బిస్మత్ మందు వాడినా మలం నల్లబడుతుంది గాని తారులా జిగటగా ఉండదు, కళ్ళు తిరగవు. అనుమానం ఉంటే వచ్చి చూపించుకోవడమే మంచిది. కత్తితో పొడిచినట్లు హఠాత్తుగా నొప్పి వచ్చి పొట్ట చెక్కలా గట్టిపడడం. అంటే పుండుకు రంధ్రం పడి ఉండవచ్చు, ఆపరేషన్ కావాలి. ఆలస్యమైన ప్రతి గంటకూ ప్రమాదం పెరుగుతుంది. ఆ సమయంలో నొప్పి తగ్గడానికి సూది వేయించుకొని ఇంట్లో పడుకోబెట్టడం, తాగడానికి ఏదైనా ఇవ్వడం చేయకండి.

బరువు తగ్గిపోవడం, మింగడం కష్టం కావడం, తిన్నది మాటిమాటికీ వాంతి కావడం, రక్తం తగ్గి పాలిపోవడం, 45 సంవత్సరాలు దాటాక మొదటిసారి కడుపు బాధ మొదలు కావడం కూడా గ్యాస్ గోళీతో సరిపెట్టవలసినవి కావు. ఆ వారంలోనే డాక్టరును కలవండి. ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి 3 జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఉపవాసం ఉండేవారికి

శ్రమల కాలంలో చాలామంది ఉపవాసం ఉంటారు. ఉపవాసం వల్ల కొత్తగా పుండు పుట్టదు. కాని పుండు ఉన్నవారికి ఖాళీ కడుపుతో నొప్పి పెరగవచ్చు. 14 రోజుల మందులు వాడుతున్నవారు, ఈ మధ్యనే రక్తం పోయినవారు ఉపవాసాన్ని వాయిదా వేసుకోవాలి. ఉపవాసం పేరుతో మందు మానకూడదు. పాస్టరుగారికి చెబితే ఆయన కూడా ఇదే మాట చెబుతారు. మిగిలినవారు కూడా ఉపవాసం రోజున ఖాళీ కడుపు మీద నొప్పి మాత్ర వేసుకోకండి.

ఎవరు ఏం చేయాలి?

రాత్రిపూట తలుపు తడితే పలికేది మన ఊరి ఆర్.ఎం.పి.యే. ఆ మేలు కాదనలేము. ఆయనకు ఒక్కటే మనవి. నొప్పికి సూది వేసే ముందు "ఇంతకుముందు కడుపులో పుండు ఉండేదా? మలం నల్లగా వచ్చిందా?" అని రెండు ప్రశ్నలు అడగండి. స్టెరాయిడ్ కలపకండి. మెడికల్ షాపువారికీ ఒక మనవి. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని డైక్లోఫెనాక్ స్ట్రిప్పు మీదనే ముద్రించి ఉంటుంది. మాత్రలను విడిగా కత్తిరించి పేరు తెలియకుండా కాగితంలో చుట్టి ఇవ్వకండి. మనిషి ప్రమాదంలో పడ్డప్పుడు అతను ఏం మింగాడో డాక్టరుకు తెలియాలి కదా.

మిషన్ ఆసుపత్రుల బాధ్యత ఇంకా ఎక్కువ. కీళ్ళ నొప్పులతో వచ్చిన ప్రతి మనిషినీ కడుపు గురించి అడగాలి. కడుపు మంటతో వచ్చిన ప్రతి మనిషినీ నొప్పి మాత్రల గురించి అడగాలి. మందుల చీటీ మీద ఏది ఎన్ని రోజులో తెలుగులో రాసి ఇవ్వాలి. చదువు రానివారికి ఇంట్లోవారిని పిలిచి చెప్పాలి.

ఇక మన కుటుంబాలు. ఈ ఆదివారం ఆరాధన నుండి ఇంటికి వెళ్ళాక అమ్మ, నాయన, అత్త, మామ తలగడ కింద, కొంగు ముడిలో, గూట్లో దాచుకున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేయండి. పేరు తెలియని వాటిని కూడా వేయండి. ఆ సంచిని అలాగే ఆసుపత్రికి తీసుకొని రండి. డాక్టరు వాటిని చూసి ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో చెబుతారు. పెద్దవాళ్ళను "ఎందుకు మింగుతున్నావు" అని కోప్పడకండి. "ఎక్కడ నొప్పి" అని అడగండి. ముసలితనంలో నొప్పిని ఎవరికీ చెప్పుకోలేకనే చాలామంది మాత్రతో సరిపెట్టుకుంటున్నారు.